కేకు మీది పేరు

సూర్యాపేటలో మా వీధి చివర, రేకుల వంటగది ఉన్న చిన్న ఇంటిలో గీత కాపురముంటుంది. పిల్లల పుట్టినరోజులకు ఇంటివద్దనే కేకులు, బిస్కెట్లు చేసి వాటిని అలంకరించి ఇవ్వడం ఆమె వృత్తి. గుడ్డు వేయకుండా చేస్తుంది గనుక మావంటి ఆచారపరుల ఇళ్లలోకి కూడా ఆమె పెట్టెలు ప్రవేశించాయి. ఆమె చేతిమీదుగా ఒకనాడు ఒక పొరపాటు జరిగింది. దానికి ఆమె పడిన సిగ్గులో నాకు భాగముంది. ఆ భాగాన్ని ఇంతకాలం దాచుకున్నాను. దాచుకోవడం కూడా సిగ్గుపడవలసిన విషయమే గనుక ఇది రాస్తున్నాను.

గీత పుట్టింది ఆత్మకూర్ (ఎస్)లో, గొర్రెల కాపరుల ఇంట. తండ్రి సోమన్న, తల్లి మైసమ్మ. ఎండాకాలం వస్తే మంద కృష్ణ ఒడ్డుకు, మఠంపల్లి వైపు మేతకు పోయేది. మంద వెంట ఇల్లూ పోయేది. అందువలన ఆమె చదువు ఏడవ తరగతితో ఆగింది. పదిహేడవ ఏట నగేష్‌కిచ్చి పెండ్లి చేశారు. అతడు మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు లారీ నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు దారిమీదనే ఉంటాడు. పెండ్లయిన కొన్నేళ్లకు కోదాడలో ఉన్న అక్క ఇంటికి పోయినప్పుడు, పక్కింటి చంద్రకళ కేకుమీద పువ్వులు వేస్తుండగా గీత చూసింది. చూసి, రెండు గంటలు అక్కడినుండి కదలలేదట.

చంద్రకళే పని నేర్పింది. మొదటి వారం గీతకు ఒక్క పువ్వూ కుదరలేదు. క్రీము సంచిని గొర్రె పాలు పిండినట్టు పిండేది.

"అమ్మాయ్, అది సంచి. పొదుగు కాదు," అన్నదట చంద్రకళ. "ముగ్గు వెయ్యడం వచ్చా నీకు? పిండి వేళ్ల మధ్య నుంచి ఎలా వదులుతావు, అలా వదులు. చెయ్యి కాదు, పీట తిరగాలి."

ఆ మాటతో ఆమె చేయి దారికి వచ్చింది. ఆ తరువాత రెండేళ్లలో సూర్యాపేటలో సగం మంది పిల్లలు ఆమె వేసిన నెమలినో, ఏనుగునో, చందమామనో కోసి తిన్నారు. కానీ ఒక్క విషయంలో ఆమెకు భయం పోలేదు.

"పువ్వయితే తప్పు పోయినా పువ్వే సారూ. అక్షరం తప్పు పోతే ఇంకోటయితది," అనేది. "మా బిడ్డ మనీషాది ఇంగ్లీషు మీడియం. దానికి ఒత్తులు రావు."

అందుచేత తెలుగులో పేరు రాయవలసి వచ్చినప్పుడల్లా కాగితంమీద రాసుకొని మా గుమ్మం ముందుకు వచ్చేది. నేను నలభై ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఉదయం భాగవత పారాయణం ముగిసేవరకు బయటే నిలబడి, పుస్తకం మూసిన తరువాత కాగితం చాచేది. ఈ కాలపు పేర్లు నాకు రుచించకపోయినా ఒత్తులు దిద్ది పంపేవాణ్ణి. నా చదువు ఒక పసివాడి సంబరానికి ఉపయోగపడుతున్నదని లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ఆమెకు మరొక అలవాటుండేది. ఫంక్షన్ హాలుకు కేకు తీసుకుపోతే వెనుక తలుపు దగ్గర ఇచ్చి వచ్చేసేది. లోపలికి రమ్మన్నా వెళ్లేది కాదు. చిన్నప్పుడు వాళ్ల ఊరి పెద్ద పటేలు గారి ఇంటి అరుగుమీద కూర్చున్నందుకు ఎవరో లేపి పంపారట. పెద్దిళ్ల ముందు తలుపులంటే అప్పటినుండి ఆమెకు జంకు.

పోయిన మాఘమాసంలో ఆ పటేలు గారి భార్య దుర్గమ్మే ఆమె ఇల్లు వెదుక్కుంటూ వచ్చింది. పటేలు చనిపోయి మూడేళ్లయింది. అప్పుడు జరిగిన మాటలను గీత తరువాత ఎన్నోసార్లు నాకు చెప్పింది. ఒక్క మాట కూడా మరిచిపోలేదు.

"నువ్వు మన గొర్ల సోమన్న బిడ్డవు గాదే?"

గీత గబగబా లేచి కొంగుతో కుర్చీ తుడిచింది. "అవు దొరసాని. కూసోండ్రి."

"తుడుసుడెందుకే? నాదేమన్న పట్టుచీరనా? ఇగ దొరసాని గిట్ల అనకు. అత్తమ్మా అను. దొరతనాలు గాయనతోనే పోయినయ్."

గీత కుర్చీ దగ్గరకు జరిపింది. దుర్గమ్మే చెప్పుకుపోయింది.

"మనుమనికి ఏడాది నిండుతున్నది. నర్సింహస్వామి కాడ పుట్టెంట్రుకలు తీయించి, గీడ పేటల దావత్ చేస్తున్నం. కేకు నువ్వే చెయ్యాలె."

"చేస్త అత్తమ్మా. పేరేం రాయాలె?"

"గదే ముచ్చట. మా సత్యం, కోడలు కలిసి ఏదో పేరు పెట్టిన్రు. రియానో రయ్యానో, బస్సు రయ్యిన పోయినట్టుంటది. నా నోరు తిరుగది. గని బియ్యంల రాసిన పేరు మా ఇంటాయనదే. కేకు మీద గా పేరే ఉండాలె. ఎవ్వలకు చెప్పకు. మా సత్యం సూసి నోరెళ్లబెట్టాలె."

"పెద్ద పటేలు పేరా?"

"ఆఁ. నా నోటితోని నేను అననే. నలభై ఆరేండ్లల ఒక్కనాడు అనలె. ఓటు కాడ మొగని పేరడిగితే పక్కామెతోని చెప్పించిన. నీకెర్కనే గద?"

"ఎర్క లేకుంటెట్ల అత్తమ్మా? మా నాయిన నోట్ల రోజు నానిన పేరే."

"ఇగనేం. జర పెద్దక్షరాలు రాయి. నాకు సదువు రాదు గని, అందరు సదువుతుంటె వింట. ఇంకోటి. ఎనక దర్వాజ కాడ ఇచ్చి ఉరుకుతవంట. అట్ల నడువది. నువ్వే తేవాలె, నువ్వే పెట్టె తెరువాలె. నా పక్కన నిలబడాలె."

అరుగుమీదనుండి లేపబడిన పిల్లను ఆ ఇంటి ఇల్లాలే పక్కన నిలబడమన్నది. గీత ఆ సాయంకాలమే కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. దానిమీద గుండ్రని అక్షరాలతో 'కొసరయ్య' అని రాసి ఉంది.

"సారూ, గిది సరిగున్నదా? ర కింద ఏమన్న ఒత్తు ఉంటదా?"

"ఎవరి పేరమ్మా?"

"మా ఊరి పెద్ద పటేలుది. మనుమనికి గదే పెట్టిన్రు."

ఎక్కడా వినని పేరు. ఇంకొకరినెవరినైనా అడుగమని చెప్పవలసింది. కానీ తెలియదని ఒప్పుకోవడం నా నాలుకకు అలవాటు లేదు. ఒక నిమిషం కండ్లు మూసుకొని అన్నాను: "కేసరి అంటే సింహం. నరసింహుణ్ణి కొలిచే వంశంలో కేసరయ్య అని పెట్టి ఉంటారు. జనం నోట కొసరయ్య అయి ఉంటుంది. పిలిచినట్టే రాయి. పెద్దల పేరును మనం దిద్దకూడదు."

"సింహమా సారూ! మంచి పేరే," అని మురిసిపోతూ వెళ్లింది.

మూడు రోజులు ఆమె ఆ కేకు పనిమీదనే కూర్చుంది. రెండంతస్తుల కేకు. కింది అంతస్తు అంతా పొలం. ఆకుపచ్చ క్రీముతో నారు, గోధుమరంగుతో గెట్లు. ఆ పొలంలో తెల్లని క్రీమును చుట్టలు చుట్టలుగా వదిలి గొర్రెలను నిలబెట్టింది. ఒక్కొక్క గొర్రెకూ నల్లని కన్ను, ముడుచుకున్న చెవి. పైన పుట్టెంట్రుకల పిల్లవాడి బోడిగుండు బొమ్మ, దాని చుట్టూ గొర్రెపిల్లల ఆకారంలో కోసి కాల్చిన బిస్కెట్లు. గొర్రెలే ఎందుకని నేను అడిగాను. "నా చేతికి బాగ తెలిసినయి గవ్వే సారూ. పటేలు పొలంల మా మంద పండుకునేది. గుర్తుకొచ్చి పెట్టిన," అన్నది. ముందుభాగంలో, చాక్లెట్ రంగులో, వేలెడెత్తు అక్షరాలతో పేరు రాసింది. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. నేనే చూశాను.

హాలుకు తోడు రమ్మని నన్నే అడిగింది. నగేష్ లారీమీద ఉన్నాడు. ముందు తలుపు దగ్గర ఆమె ఆగి, నన్ను మొదట నడవమన్నది. లోపలికి వెళ్లాక నేను వెనుక వరుసలో కూర్చున్నాను. ఆమె కొత్తచీర సర్దుకుంటూ వేదిక ఎక్కింది. దుర్గమ్మ ఆమె చేయి పట్టుకొని పక్కన నిలబెట్టుకున్నది. పెట్టె మూత తీశారు.

ముందు వరుసలో ఆత్మకూర్ వాళ్లున్నారు. వారిలో ఒక ముసలాయన కళ్లద్దాలు సర్దుకొని పైకే చదివాడు. "కొ... స... రయ్య."

నవ్వు లేచింది. మొదట కొంగుల చాటున, తువ్వాళ్ల చాటున. తరువాత బాహాటంగా.

"ఓరి, కొసరయ్య పటేలు మళ్ల పుట్టిండురో!"

"ఉత్తగనే పుట్టిండా? గొర్లను గూడ తోలుకొచ్చుకుండు!"

"లెక్క వెట్టి సూడుండ్రి, ఒక గొర్రె కొసరు ఉంటది!"

ఆ నవ్వులను సంతోషమనుకొని గీత కూడా నవ్వింది. దుర్గమ్మ ముఖం వెలిగిపోయింది. "సూసినవానే," అన్నదట గీతతో, "ఆయన పేరింటెనే అందరికి ఎంత సంబురమో."

కొడుకు సత్యనారాయణ ముఖం మాత్రం కందగడ్డలా అయింది. "ఎవలు రాసిన్రిది?"

"నేనే అన్నా," అన్నది గీత, ఇంకా నవ్వుతూనే.

"సోమన్న బిడ్డవు గదా నువ్వు? ఎన్నేండ్ల పగ పెట్టుకున్నవ్ మా మీద? నా కొడుకు పుట్టినరోజే దొరికిందా నీకు?"

"ఏందిరా అట్ల అరుస్తవ్," అని దుర్గమ్మ అడ్డం వచ్చింది. "నేనే రాయమన్న. మీ నాయిన పేరు గాదురా?"

"నాయిన పేరు లక్ష్మీనర్సయ్య అమ్మా! గిది ఊరోళ్లు ఎక్కిరిస్త పెట్టిన పేరు."

"ఎక్కిరిచ్చుడా? ఎందుకు?"

నవ్వినవారంతా తలలు దించుకున్నారు.

కొసరు అంటే కొనుగోలు మీద అడిగే అదనం. పొలానికి ఎరువు కోసం గొర్రెల మందను రాత్రిళ్లు నిలిపి ఉంచడం మా ప్రాంతపు అలవాటు. మూడు రాత్రులకని మాట్లాడుకొని, నాలుగవ రాత్రిని ఆ పటేలు ప్రతిసారీ కొసరు కింద అడిగేవాడట. అడగడమంటే కాదనడానికి వీలులేని అడగడం. అందుకని కాపరులు ఆ పేరు పెట్టారు. ఎదురుపడితే అందరూ 'పటేలా' అనేవారు. అసలు పేరు ఎవరూ పలికేవారు కారు. చాటున మాత్రం కొసరయ్య. గీత ఉయ్యాలలో ఉన్ననాటినుండి ఆ ఒక్క పేరే విన్నది. అది ఎగతాళి అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంటిలోవారికి చెప్పవలసిన అవసరం కూడా కనిపించి ఉండదు.

కోడలు సింధు మిర్యాలగూడ పిల్ల. ఆమెకు ఈ సంగతులేవీ తెలియవు. అందరికంటే ముందు తేరుకున్నది ఆమే. "అక్కా, పేరు తీసెయ్యి. పిల్లలు సూస్తున్నరు," అన్నది మెల్లగా. గీత చాకు తీసుకొని అంతమంది ముందర తాను రాసిన అక్షరాలను తానే గీకింది. చాక్లెట్ రంగు ఆకుపచ్చ పొలంమీద పులుముకుంది. రెండు గొర్రెలు ఒరిగిపోయాయి.

నేను వెనుక వరుసలో ఉన్నాను. లేచి, "ఆ అక్షరాలు సరి అని చెప్పింది నేను, సింహం పేరని అర్థం చెప్పింది కూడా నేనే" అని ఒక్క మాట అంటే నింద కొంతైనా నామీదికి వచ్చేది. వేదికకు ఇరవై ముప్ఫై అడుగుల దూరం. నా శిష్యులు ఇద్దరు ఆ హాలులో ఉన్నారు. నేను కండువా మడత సరిచేసుకుంటూ కూర్చున్నాను.

ఆ కేకు ఫోటో ఆ సాయంకాలానికే ఫోన్లలో ఊళ్లు తిరిగింది. గీత పది రోజులు పొయ్యి వెలిగించలేదు. వచ్చిన ఆర్డర్లను వద్దన్నది. కోదాడ నుండి చంద్రకళ ఫోన్ చేస్తే ఎత్తలేదు. "ఎవలో తప్పు చెప్పిన్రని చెప్పెయ్యరాదు? గంతటితోని ఖతం," అన్నాడట నగేష్. పదకొండవ రోజున ఆమె మా గుమ్మం ముందు నిలబడింది.

"సారూ, దొరసాని ఇంటికి పోవాలె. నేను కావాలని చెయ్యలేదని ఆమె ఒక్కతి నమ్మితే సాలు. మీరు వస్తరా?"

అత్తమ్మ అన్న మాట అప్పటికే మళ్లీ దొరసాని అయింది. బస్సులో నేను హితవు చెప్పాను. "తెలియక జరిగిందని చెప్పు. అంతకంటే వివరం అక్కరలేదు." ఆమె తల ఊపింది.

దుర్గమ్మ అరుగుమీద చేటలో పెసలు ఏరుతున్నది. నాకు కుర్చీ చూపింది. గీతను కూర్చోమనలేదు.

"ఎందుకచ్చినవే?"

"కాళ్లు పట్టుకుందామని దొరసాని."

"కాళ్లు పారిపోవు. ముందుగాల ఒక మాట చెప్పు. మా వోళ్లను అడిగి అడిగి నోరు నొచ్చింది, ఒక్కడు ఇప్పి చెప్పడు. గా పేరెందుకు పెట్టిన్రు?"

గీత నావైపు చూసింది. నేను కంటితో వద్దన్నాను. ఆమె దుర్గమ్మవైపు తిరిగింది.

"మూడు రాత్రులు మంద పెట్టి, నాలుగో పొద్దుగాల గొర్లను లేపుతుంటె, ఇయ్యాల రాత్రి కొసరు కింద ఉంచురా అనేటోడంట పటేలు. ఎప్పుడు అట్లనేనంట. గందుకు మా ఇంట్ల గా పేరు. గిదంత మొన్న అడిగితె తెలిసింది. రాసిన నాడు ఎక్కిరిచ్చుడని నాకెర్క లేదు దొరసాని. ఆయన పేరే అనుకున్న. ఎర్కుంటె నా చెయ్యి ఇరుగ, రాస్తనా?"

చేటలో పెసలు కదలడం ఆగింది. అప్పటికి నాకు నోరు వచ్చింది. "అమ్మా, తప్పు నాది కూడా. రాసేముందు నాకు చూపించింది. సింహం పేరని నేనే చెప్పాను."

దుర్గమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "గింత సదువుకున్నరు, కొసరంటె ఏందో తెల్వదా సారూ? అంగట్ల కూరగాయలు ఎన్నడు కొనలేదా?"

కొన్నాను. కొసరు కూడా అడిగాను. శబ్దానికీ అర్థానికీ ఉన్న సంబంధాన్ని నలభై ఏళ్లు పిల్లలకు బోధించినవాణ్ణి. ఆ ముసలమ్మ ముందు తల ఎత్తలేకపోయాను.

ఆమె గీతవైపు తిరిగి అన్నది: "గా నాలుగో దినం మీ అమ్మ మైసమ్మ గట్క కోసం మా దర్వాజ కాడికొచ్చేది. మంద పెట్టినన్ని దినాలు కాపరులకు తిండి మాదే. మూడు దినాలకే మాటని ఆయనన్నడని, నేను లేదనేదాన్ని. లోపట కుండల ఉండంగనే లేదనేదాన్ని. నువ్వు మీ అమ్మ చంకల ఉండేదానివి."

"ఊకోండ్రి దొరసాని."

"ఆయనకొక్కనికే పేరు పెట్టిన్రు. నన్నిడిసిపెట్టిన్రు." ఆమె చేట పక్కన పెట్టింది. "నువ్వు కావాలని రాయలే. నమ్ముతున్న. మీ అమ్మ ఉన్నదా?"

"ఉన్నది. తమ్మునింట్ల."

"నేను పోతే మాట్లాడుతదా?"

"ఏమో దొరసాని. అడుగుత."

"అడుగకు," అని దుర్గమ్మ లేచి లోపలికి పోయింది. మేము కొంతసేపు ఎదురుచూశాము. ఆమె తిరిగి రాలేదు. పెసలు అరుగుమీద అట్లే ఉన్నాయి.

తిరుగు బస్సులో గీత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

"నా సిగ్గు దించుకుందామని పోయి, ముసలామె నెత్తిన పెట్టొచ్చిన సారూ. ఎవలో తప్పు చెప్పిన్రని అంటె అయిపోతుండె. అబద్ధమాడితె మంచిగుండెనా?"

సత్యమే తపస్సని ఎన్ని సభలలో చెప్పానో లెక్కలేదు. నేను మళ్లీ కండువా మడత సరిచేసుకున్నాను. పేట దగ్గర పడుతుండగా ఆమె కన్నీళ్లు తుడుచుకొని, కిటికీ బయటికి చూస్తూ అన్నది:

"ఆ దినం హాలుల మీరు ఎనక వరుసల ఉన్నరు గద?"

"ఉన్నానమ్మా."

"నేను సూసిన."

దుర్గమ్మ మైసమ్మను చూడపోయిందో లేదో నాకు తెలియదు. అడగడానికి ముఖం లేదు. మరుసటి వారం గీత ఇంట మళ్లీ పొయ్యి వెలిగింది, వెనిలా వాసన వీధంతా వచ్చింది. ఇప్పుడు పేరు రాసిన కాగితం పట్టుకొని మా గుమ్మం ముందునుండే నడిచిపోతుంది. నేను బయట కూర్చుని ఉంటే నమస్కారం పెడుతుంది. వీధి మొదట్లో ఉన్న అంగన్‌వాడీ టీచరుకు ఆ కాగితం చూపించి, ఆ పేరు ఎవరిదో, వాళ్లింట్లో ఏమని పిలుస్తారో ఫోన్ చేసి అడిగి, అప్పుడు రాస్తుందట.